వీరవేణి జంటమాటలు

ముక్తేశ్వరం రేవు మొదలుకుని రాజోలు దాకా గాలించినా, కొబ్బరికాయలు లెక్కపెట్టే త్రిమూర్తులుకి వచ్చినంత ఇంగ్లీషు ఇంకో మొగాడికి రాదు. కావాలంటే పందెం. లండను నుంచి దొర దిగొచ్చి ఎదురుగా కూర్చున్నా, సాయంత్రానికి చేతులెత్తేసి పోవలసిందే.

అంతటి త్రిమూర్తులు ఆ ఉదయం తన గుమ్మంలో నిలబడి, బావగారు అడిగిన ఒక్క తెలుగు ముక్కకి జవాబు చెప్పలేకపోయేడు.

"మా చెల్లిని పంపుతావా, పంపవా?"

వీధిలో కారు ఆగి ఉంది. వెనక సీటు మడిచి పరుపు పరిచేరు. బంగారయ్య ఐ.పోలవరం నుంచి ఆ పరుపు వేయించుకుని మరీ వచ్చేడంటే, అడగడానికి కాదు, తీసుకుపోవడానికే వచ్చేడన్నమాట.

"ముందు కూర్చోండి బావగారూ. బొండం కొట్టిస్తాను."

"బొండాలు తాగడానికి రాలేదు బావా. దాన్ని నాతో పంపు. మా ఆవిడ, అదే మీ అక్కయ్య అచ్చమ్మ, ఇంట్లోనే ఉంటుంది. ఎక్సర్‌సైజులు చేయించే కుర్ర డాక్టరు మా వీధిలోనే ఉన్నాడు, రోజూ వస్తానన్నాడు. ఇక్కడేవుంది?"

"నేనున్నానండి."

బంగారయ్య చూపు లోపలి గదిలో మంచం మీదకి వెళ్ళింది. అక్కడ వీరవేణి వెల్లకిలా పడుకుని దూలాలకేసి చూస్తోంది. కుడిచెయ్యి, కుడికాలు, నోట్లో మాట, మూడూ ఒక్క పూటలో పోయి ఆ వేళకి నలభయ్యొక్క రోజులు.

"అయినా మీకు ఇక్కడి సంగతులు ఎవరు చెప్పేరండీ?" అన్నాడు త్రిమూర్తులు.

"నేనే ఫోన్ చేసేను నాన్నా."

వంటగది తలుపు పక్కన శిరీష నిలబడి ఉంది. తల్లికి ఒళ్ళు తుడిచిన తడిగుడ్డ చేతిలో ఇంకా అలాగే ఉంది.

"నువ్వా?"

"ఆయ్, నేనే. ఎల్లుండితో నా సెలవు సరి. రాజమండ్రి ఆస్పత్రిలో ఇప్పటికి రెండుసార్లు పొడిగించేరు. ఇంకోసారి అడిగితే నర్సమ్మా, ఇంట్లోనే ఉండు తల్లీ అంటారు. నేను వెళ్ళేక అమ్మని ఎవరు చూస్తారు?"

"నేను చూడనా?"

"అన్నం కలిపి పెడతావు, సరే. పక్క మారుస్తావు, సరే. ఎక్సర్‌సైజుల ఆయన వస్తే ఏం చేసేవు? ఇవాళ వద్దండి, ఆవిడ మాట్లాడుతోంది అని గుమ్మంలోంచే పంపించేసేవు. ఒకసారి కాదు, రెండుసార్లు."

"మాట్లాడుతోంది కదే మరి!"

"మాట్లాడ్డంలేదు నాన్నా."

పెరట్లో నీళ్ళ పంపు కింద బకెట్టు నిండి పొర్లిపోతోంది. ఎవరూ వెళ్ళి కట్టలేదు.

*

వీరవేణి కువైట్‌లో ఆరేళ్ళు ఒకరింట్లో పిల్లల్ని సాకి వచ్చిన మనిషి. ఆ పిల్లల పుస్తకాల్లోంచే తనూ ఇంగ్లీషు ఏరుకుంది. తిరిగొచ్చేక, గల్ఫుకి వెళ్ళే ఆడవాళ్ళని అరుగుమీద కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలెట్టింది. వ్యాకరణం గట్రా ఏమీ లేదు. జంటమాటలు, అంతే.

"మనం తెలుగులో స్నానం చేస్తాం, భోజనం చేస్తాం, తప్పు చేస్తాం, ఆలస్యం చేస్తాం. అన్నిటికీ ఒక్క చెయ్యడమే. వాళ్ళలా కాదర్రా. తప్పుకి మేక్. స్నానానికి టేక్. హోంవర్కుకి డూ. ఎందుకని నన్నడక్కండి. ఏ మాటకి ఏ మాటతో ముడిపడిందో అది గుర్తుపెట్టుకోండి. పక్కింటాయన్ని తెచ్చి మీ పీటల మీద కూర్చోబెడితే ఊరుకుంటారా?"

అరుగంతా ఘొల్లుమనేది. తను మొదటిమాట అంటే, వాళ్ళు జంట అందించాలి. క్యాచ్ అంటే కోల్డ్. పే అంటే అటెన్షన్. కీప్ అంటే ప్రామిస్. ఆ అరుపులకి కొబ్బరి మట్టల్లో ఉడతలు కూడా నాలుగైదు జంటలు నేర్చేసుకున్నాయి.

త్రిమూర్తులు మాత్రం ఒక్క ముక్క నేర్చుకోలేదు. తొమ్మిదేళ్ళపాటు ఆ పాఠం మధ్యలోంచే, తువ్వాలు భుజానేసుకుని, "జరగండమ్మా జరగండి" అంటూ పనిలోకి వెళ్ళిపోయేవాడు.

తరవాత ఆవిడ పడిపోయింది. కాకినాడలో పెద్ద డాక్టరుగారు మాట రావడానికి కాలం పడుతుందన్నారు. ఎంత కాలమో అనలేదు.

ఇంటికి తెచ్చిన పదకొండో రోజున, బ్లెస్సీ అనే అమ్మాయి టీచరమ్మని చూడ్డానికొచ్చి, లోపలికి రావడానికి జంకి, అరుగుమీదే కూర్చుని తన పాఠం గొణుక్కుంటోంది. "టేక్... టేక్..." అని ఆగిపోయింది.

"బాత్," అంది లోపల్నుంచి వీరవేణి.

త్రిమూర్తులు చేతిలో గంజి గిన్నె జారిపోయింది.

ఆ పూటే ఆవిడ నోటుబుక్కు తీసేడు. అందులో ఇంగ్లీషంతా తెలుగు అక్షరాల్లోనే ఉంది. అయిదో తరగతి చదువు కూడబలుక్కుని రెండు వారాల్లో కంఠతా పట్టేడు. ఎలా అంటారేమో, ఆయనకి తెలిసిన పద్ధతి ఒక్కటే. కొబ్బరిరాశి దగ్గర రెండు చేతుల్తో జతకి జత విసురుతూ పాడే లెక్కపాట ఉంది చూసేరూ, ఒకటి అనకుండా లాభం అని మొదలెట్టేది, ఆ పాటలో పెట్టేడు. "మేకయ్య మేక్" అని రాగం తీసి ఇటు విసిరితే, మంచం మీంచి "మిస్టేక్" అని జంట వచ్చి పడేది.

వీధి వీధంతా వచ్చి చూసింది. వీరవేణికి మాటొచ్చేసిందని ఆయన అందరికీ బెల్లంముక్కలు పెట్టేడు. ఎవరో ఫోనులో తీసి ఊరి గ్రూపులో పెట్టేరు. అక్కణ్ణించి రోజుకి మూడు పూటలా, ఎవరొస్తే వాళ్ళ ముందు ఆ పాట. కాయల పనికి వెళ్ళడం మానేసేడు. భార్య గొంతు వినడం కంటే పెద్ద పని ఏముంటుంది చెప్పండి?

*

"మీ కళ్ళతో మీరే చూడండి బావగారూ," అంటూ త్రిమూర్తులు మంచం పక్కన పీట వేసుకున్నాడు.

తొడమీద అరచేత్తో తాళం వేసి ఎత్తుకున్నాడు. టేక్ అన్నాడు, బాత్ వచ్చింది. క్యాచ్ అన్నాడు, కోల్డ్ వచ్చింది. గివ్ అన్నాడు, అడ్వైస్ వచ్చింది. వరసన తొమ్మిది. ఆవిడ కళ్ళు దూలాల మీంచి దిగలేదు.

బంగారయ్య కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఏ మాటైనా చెల్లెలి గొంతేగా అది.

"చూసేరా? నేను అందిస్తేనే ఆవిడ అందిస్తుంది. మీ ఇంటికి తీసుకెళ్తే ఈ కాస్తా పోతుందండి. ఎక్సర్‌సైజులు ఎక్కడైనా చేయించొచ్చు. మాట మాత్రం నా దగ్గరే ఉంది."

"మావయ్యా," అంది శిరీష. "మీరొకటి అనండి."

"నాకేం వచ్చమ్మా ఇంగ్లీషు? రొయ్యల మేత బస్తాల మీద పేర్లు తప్ప."

"మేక్ అనండి చాలు."

"వద్దులే," అన్నాడు త్రిమూర్తులు.

"అనండి మావయ్యా."

బంగారయ్య గొంతు సవరించుకున్నాడు. రాగం లేదు, తాళం లేదు. "మేక్," అన్నాడు.

"మిస్టేక్," అంది వీరవేణి. అదే గొంతు. అదే విసురు.

త్రిమూర్తులు తొడమీద చెయ్యి తాళానికి లేచి అలాగే ఉండిపోయింది.

"ఎవరన్నా అంతే నాన్నా. నేను అన్నా అంతే. మొన్న పాలాయన అన్నా అంతే."

"పాలాయనక్కూడానా?"

"ఊఁ. అది మాట కాదు నాన్నా. దగ్గు లాంటిది, తుమ్ము లాంటిది. వేలసార్లు అని అని అలవాటుకొద్దీ వచ్చేస్తోంది. ఇలాంటి వాళ్ళని మా వార్డులో చూసేను. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

ఆయన పీట మీంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. పాలాయన అన్న మాట ఆయనకి ముల్లులా ఎక్కడో దిగింది. కూతురి కేసి చూడలేక, బావగారి కేసి చూడలేక, తన అరచేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళుగా కాయలు విసిరిన చేతులు, కొబ్బరిపీచు రంగులో ఉన్నాయి.

ఈ కథ మొదట్లో ఏదో పందెం కాసేను కదూ, మర్చిపోండి. త్రిమూర్తులుకి వచ్చింది ఇంగ్లీషు కాదు, నలభై జంటలు. వాటిలో అర్థం తెలిసినవి ఆరు. దొరగారు సాయంత్రం దాకా కూర్చోనక్కర్లేదు, కాఫీ చల్లారేలోపే లేచి వెళ్ళిపోవచ్చు. నా ఓటమి నేను ఒప్పుకుంటాను, నాకు అలవాటే.

"లే బావా," అన్నాడు బంగారయ్య మెత్తగా. "దాని బట్టలు సర్దించు."

*

అరుగుమీద ఎవరో వచ్చి కూర్చున్న అలికిడయింది.

బ్లెస్సీయే. కువైట్ వాళ్ళతో శుక్రవారం వీడియోలో ఇంటర్వ్యూ. పాపాయిని చూసుకునే పని. లోపల ఏం జరుగుతోందో తెలియదు. టీచరమ్మ గుమ్మంలో కూర్చుంటే తప్ప బుర్రకెక్కదని రోజూ వచ్చి అక్కడే చదువుకుంటుంది.

"ఐ డూ... ఐ డూ మిస్టేక్ మేడమ్," అంది బ్లెస్సీ పైకి. "ఐ డూ మిస్టేక్, సారీ మేడమ్."

టక్ టక్.

గదిలో ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. వీరవేణి ఎడంచేతి కణుపులు మంచంపట్టె మీద ఉన్నాయి.

బ్లెస్సీ చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. "తప్పండీ టీచరమ్మా? ఆయ్ ఆయ్, మేక్ కదండీ! ఐ మేక్ మిస్టేక్!"

కణుపులు కదల్లేదు.

"ఏంటమ్మాయ్ అది?" అన్నాడు బంగారయ్య.

"తప్పు చెప్తే ఇలాగే కొట్టేవోరండి, పీట మీద రెండు దెబ్బలు. సరిగ్గా చెప్తే ఏమీ అనరు. మెచ్చుకోవడం ఆవిడకి రాదండి," అంది బ్లెస్సీ నవ్వుతూ. నవ్వింది తనొక్కతే కావడంతో మూతి ముడుచుకుంది.

శిరీష మంచం దగ్గరికి వచ్చింది. నర్సు ఉద్యోగం మనిషి, నాడి చూసేటప్పటిలాగే నెమ్మదిగా కూర్చుంది. దగ్గుకీ తుమ్ముకీ తప్పూ ఒప్పూ తెలీదని ఆ పిల్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

"అమ్మా, నా పేరు బ్లెస్సీ."

టక్ టక్.

"నా పేరు శిరీష."

నిశ్శబ్దం.

"అమ్మా, నువ్వు ఇప్పుడు కువైట్‌లో ఉన్నావు."

టక్ టక్.

శిరీష తల్లి పొట్టమీద తల పెట్టేసింది. "అన్నీ తెలుస్తున్నాయి మావయ్యా. ఇన్నాళ్ళూ అన్నీ తెలుస్తున్నాయి. నేనే మా అమ్మని..." మిగతాది దుప్పట్లో కలిసిపోయింది.

బంగారయ్య చాలాసేపు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. తరవాత, "అయితే ఇంక మనకెందుకు తగువు? దాన్నే అడుగుదాం. వస్తుందో, ఉంటుందో," అన్నాడు.

"నేనడుగుతానండి," అన్నాడు త్రిమూర్తులు. "మీరంతా అరుగుమీదకి వెళ్ళండి."

"మా ముందు అడగడానికేం?"

"ఇరవైమూడేళ్ళు కాపురం చేసేను బావగారూ. ఒక్క మాట ఒంటరిగా అడగనివ్వండి."

*

తలుపు చేరవేసి వచ్చి ఆయన పీట మీద కూర్చున్నాడు. అడగవలసింది ఒక్కటే మాట. దాన్ని నాలిక కింద పెట్టుకుని, వేరేవి తీసేడు.

"వేణీ, మన పెళ్ళి ముక్తేశ్వరంలో అయింది."

టక్ టక్.

"ఆయ్, ద్రాక్షారామంలో. పెళ్ళిరోజున నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం."

నిశ్శబ్దం.

"అయినా సరే, పీటల మీద రాజకుమారుళ్ళా ఉన్నాను."

టక్ టక్.

త్రిమూర్తులు పకాలున నవ్వేడు. నలభయ్యొక్క రోజుల తరవాత ఆ ఇద్దరి మధ్య నవ్వు. ఆవిడ ఎడం పెదవి చివర కూడా సన్నగా వంగింది. అరుగుమీద అది విని బంగారయ్య, "ఉంటానంది కాబోలు," అన్నాడు శిరీషతో.

ఆ ధైర్యం మీద ఆయన ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగేసేడు.

"నువ్వు ఇక్కడే ఉంటావు."

టక్ టక్.

ఇంకా ఆటలోనే ఉందనుకున్నాడు. "హాస్యం కాదే. నువ్వు ఇక్కడే, నా దగ్గరే ఉంటావు."

టక్ టక్.

ఇది మెల్లిగా కొట్టింది. చంటిపిల్లని జోకొట్టినట్టు కొట్టింది.

"మీ అన్నయ్యగారింటికి వెళ్తావు."

కణుపులు పట్టె మీదే ఉన్నాయి. లేవలేదు.

వినపడలేదేమో అనుకుని మళ్ళీ అన్నాడు. మళ్ళీ లేవలేదు. ఆవిడ కళ్ళు దూలాల మీంచి దిగి ఆయన మొహం మీద ఉన్నాయి. నలభయ్యొక్క రోజుల్లో ఆవిడ తనని తిన్నగా చూడ్డం అదే మొదలని ఆయనకి అప్పుడు తట్టింది.

"ఎందుకే?"

ఎందుకు అన్నదానికి రెండు దెబ్బల్లో జవాబు లేదు. తనే వెతుక్కోవాలి.

"నేను నిన్ను సరిగ్గా చూడ్డంలేదు."

టక్ టక్.

"శిరీష ఉద్యోగం పోతుందని."

వేళ్ళు కొద్దిగా లేచి, కొట్టకుండానే మళ్ళీ వాలిపోయేయి. కొంత నిజం, అంతా కాదు అన్నట్టుంది.

అప్పుడే కిటికీ చువ్వల మధ్యనుంచి పక్కింటి నారాయణమూర్తి మొహం లోపలికొచ్చింది. వెనకాల ఇంకో రెండు తలకాయలు.

"ఏం త్రిమూర్తులూ, ఇవాళ ఇంకా మొదలెట్టలేదా? కొత్తపేట నుంచి మా తమ్ముడూ మరదలూ వచ్చేరు. వీడియో చూసేరట, నిజంగా చూపిద్దామని తీసుకొచ్చేను. నాలుగు జంటలు అనిపించు బాబూ, బస్సు టైమవుతోంది."

త్రిమూర్తులు భార్య కేసి తిరిగేడు. ఆవిడ మొహం గోడవైపు తిప్పేసుకుంది. మెడ అటొక్కటే తిరుగుతుంది ఆవిడకి. చెంప కింద దిండు తడుస్తోంది.

ఆయన లేచి కిటికీ మూసేడు. గడియ పెట్టేడు. బయట నారాయణమూర్తి, "అదేంటయ్యా!" అనడం వినిపించింది.

పీట మీదకి తిరిగి రావడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మూడు గజాల గది, రేవు దాటినంత దూరమయింది.

"వేణీ," అన్నాడు. "నేను అందరి ముందూ నీచేత జంటమాటలు చెప్పిస్తుంటే... నీకు బాగుంటోంది."

టక్ టక్. టక్ టక్. టక్ టక్.

రెండుతో ఆగలేదు. కణుపుల మీద తోలు లేచేదాకా కొడుతూనే ఉంది. ఆయన గభాల్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతి లోపల కూడా అది కొట్టుకుంటూనే ఉంది.

వందమందికి పాఠం చెప్పిన మనిషిని మంచానికి కట్టేసి, పాఠం అప్పజెప్పించేడు. రోజుకి మూడు పూటలా. బెల్లంముక్కలు పంచి మరీ.

"ఇంక అననే," అన్నాడు. "ఒట్టు. ఇంక జన్మలో అనను. కిటికీ తియ్యను. ఎవర్నీ రానివ్వను. ఇంక ఉంటావా? ఇప్పుడు చెప్పు. నువ్వు ఉంటావు."

ఆయన తన చేతులు విప్పేడు. ఆవిడ చెయ్యి మెల్లిగా పాక్కుంటూ వెళ్ళి పట్టెని అందుకుంది.

టక్ టక్.

*

తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి ముగ్గురూ లేచి నిలబడ్డారు. చప్పుళ్ళన్నీ విన్నారు. ఏ మాటకి ఏ చప్పుడో ఎవరికీ తెలీదు.

"ఏమంది బావా?" అన్నాడు బంగారయ్య.

త్రిమూర్తులు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వీధిలో కారు తలుపు బార్లా తీసి ఉంది. పరుపు మీద ఉతికిన దుప్పటి, దానిమీద చిన్న దిండు కనిపిస్తున్నాయి. అన్నగారు చాలా ప్రేమగా వేయించిన పక్క.

"రానంటోందండి," అన్నాడు. "ఇక్కడే ఉంటానంటోంది."

లోపల్నుంచి, మంచంపట్టె మీద, టక్ టక్.

బ్లెస్సీ తలెత్తింది. శిరీష తండ్రి కళ్ళలోకి చూసింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ చివరి చప్పుడు నేను కల్పించింది. ఆ మనిషిని ఆ అబద్ధంతో ఒంటరిగా నిలబెట్టడానికి మనసొప్పక, దిద్దేవాళ్ళు ఒకరుంటే బాగుండునని పెట్టేను. నిజానికి లోపల్నుంచి ఏ అలికిడీ రాలేదు. ఆవిడ చెయ్యి అలిసిపోయిందో, ఆ మాట ఆవిడ దాకా వెళ్ళలేదో, ఇంకేమైనా అనుకుందో త్రిమూర్తులుకే తెలీదు, నాకేం తెలుస్తుంది?

బంగారయ్య చెల్లెలి మాటే అనుకున్నాడు. వంగి పరుపు తనే చుట్టుకున్నాడు.